అత్తగారి ఊరికి గంట ప్రయాణం

ఖతార్‌ దేశంల లుసైల్‌ కాడ స్టేడియం కడుతున్న రోజులల్ల మా సైటు ఇంజనీరు యూరప్ ఆయన. సెలవుకు అత్తగారింటికి పోయే ముందట ఒక ముచ్చట చెప్పిండు. ఆయన అత్తగారిది పక్క దేశమట, రెండు ఎయిర్‌పోర్టుల నడుమ విమానంల గంట గూడ పట్టదట. నాకు కడుపు మండింది. క్యాంపు నుంచి సైటుకు మా కంపెనీ బస్సుకే గంటన్నర పట్టేది. నా పక్క సీటుల కూసునే మా ఊరి బావ మాత్రం, ఆనాటి నుంచి బస్సెక్కంగనే అరబ్బోళ్ల లెక్క "యల్లా, దేశం దాటుదాం పా" అని అందరిని నవ్వించేటోడు.

ఇంజనీరు తిరిగొచ్చిన పొద్దే ట్రాఫిక్‌ల ఇరుక్కొని మేం లేటుగ దిగినం. ఆయన గేటుకాడనే నిలబడి, ఎందుకింత లేటని అడిగిండు.

బావ వచ్చీరాని ఇంగ్లీషుల నిమ్మళంగ చెప్పిండు: "మీరు పోయింది అత్తగారింటికి సార్. ఈడ గూడ దిగంగనే కోడిని కోస్తరంటే, మేం గూడ గంటల్నే వస్తుంటిమి."