సగం ట్యాంకరుతో మలుపు

లేపాక్షి బసవన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నీళ్ల ట్యాంకరు తోలే మా తమ్ముడు ఒక డచ్ కార్ రేసర్‌ను మొదటి పందెం నుంచి ఛాంపియన్ అయ్యేదాకా ఫోన్లో చూశాడు. ఒక వేసవిలో తనకల్లు దారిలో ఆడవాళ్లు బిందెలతో అడ్డం నిలబడితే, కాదనలేక సగం నీళ్లు ఇచ్చేశాడు. మిగతా సగంతో, ఆ రేసర్ మాదిరే వేగం తగ్గించకుండా మలుపు తిరిగాడు. నీళ్లన్నీ ఒక పక్కకు ఊగి బండి బోల్తా పడింది.

ఆసుపత్రిలో, "అన్నా, ఈ పొద్దు రేసులో మనోడు గెలిచినాడా?" అని అడిగాడు. ఆ డచ్చివాడు మొదటి చుట్టులోనే గోడకు గుద్దుకున్నాడని చెప్పలేకపోయాను.

"గెలిచినాడప్పా, కప్పు ఎత్తుకోని నగుతాండాడు."

"మరి నువ్వేంటికి ఏడుస్తాండావు?" అని నవ్వి, కళ్లు మూశాడు.

ఆసుపత్రి సంగతి నేను అల్లింది. వాడు ఆ మలుపులోనే, ట్యాంకరు కిందే పోయాడు.