తాండూరు సారు గడ్డం, వికారాబాద్ సబ్బు

1957 వానాకాలం. వికారాబాద్ స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నేను ఫ్యాన్సీ దుకాణం పెట్టి అప్పటికి రెండేళ్ళు. దువ్వెనలు, అద్దాలు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, సబ్బులు అమ్మేవాణ్ణి. పక్కనే మా అన్న మల్లేశం కిరాణా దుకాణం. రెండింటికీ నడుమ ఒక తలుపు ఉండేది. అది ఎప్పుడూ తెరిచే ఉండేది కనుక నా బేరాలన్నీ మా అన్న చెవిన పడేవి.

అంతకుముందు మా దిక్కు మగవాళ్ళు గడ్డానికి మంగలి దగ్గరికే పోయేవారు. ఆ రోజుల్లోనే కొత్తగా బడి సార్లు, రైల్వేవాళ్ళు, కచేరీ గుమాస్తాలు సేఫ్టీ రేజర్ కొనుక్కుని ఇంట్లోనే గీసుకోవడం మొదలుపెట్టారు. షేవింగ్ సబ్బులు రెండు రకాలు ఎక్కువగా అమ్ముడయ్యేవి. బొటనవేలంత లావున కడ్డీలా ఉండేది స్టిక్. దాన్ని తడి చెంప మీద నేరుగా రుద్దుకోవచ్చు. బిళ్ళలా గుండ్రంగా ఉండేది కేక్. దాన్ని గిన్నెలో పెట్టి బ్రష్‌తో నురగ తీయాలి. ఆ నురగనే లేదర్ అంటారు. బుడగలు వస్తే లేదర్ కాదు. మీగడలా చిక్కగా రావాలి, బ్రష్ ఎత్తితే కొస నిలబడాలి, చెంప మీద పెడితే అయిదు నిమిషాలైనా ఆరిపోకూడదు. వెంట్రుక నానేది దానితోనే. అది పలచనైతే బ్లేడు వెంట్రుకను కాదు, చర్మాన్ని గీరుతుంది.

ఒక స్టిక్ కొంటే మూడు నెలలొస్తుంది. పడకపోతే ఆ మూడు నెలలూ కిటికీలో పడి ఉంటుంది. కొన్నవాడు దాన్ని చూసినప్పుడల్లా నన్ను తిట్టుకుంటాడు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. స్టిక్‌ను బిళ్ళలు బిళ్ళలుగా కోసి, నూనె కాగితంలో చుట్టి, పైన నంబరు వేసి శాంపిల్‌గా ఇచ్చేవాణ్ణి. కత్తితో కోస్తే సబ్బు పగులుతుంది. గట్టి దారం చుట్టి రెండు కొసలూ లాగితే నున్నగా తెగుతుంది. ఒక్కో బిళ్ళ నాలుగు రోజులకు సరిపోతుంది. నాలుగు రోజులు వాడి, నచ్చితేనే నిండు సబ్బు కొనమనేవాణ్ణి.

మా అన్నకు ఇది బొత్తిగా నచ్చలేదు.

"సబ్బును ప్రసాదం పంచినట్టు పంచుతున్నవేందిర వీరేశం? గిట్లయితే దుకాణం నడుస్తదా?"

"ముక్క నచ్చినోడు నిండు సబ్బుకు నా దగ్గరికే వస్తడన్నా."

"వస్తడు, వస్తడు. ఇంకో ముక్కకు వస్తడు."

ఒకరోజు పొద్దున ప్యాసింజర్ దిగి ఒకాయన వచ్చాడు. సన్నని మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళు పెద్దవి. తువ్వాలు దవడల కింది నుంచి తెచ్చి నెత్తి మీద ముడి వేసుకున్నాడు.

"పంటి నొప్పా సార్?" అన్నాను.

"పన్ను కాదు సేటూ, గడ్డం" అని తువ్వాలు విప్పాడు.

రెండు చెంపలూ, మెడా ఎర్రగా కందిపోయి, పొక్కులు పొక్కులుగా ఉన్నాయి. కొన్నిచోట్ల చర్మం లేచిపోయింది. బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆయన పేరు బసవరాజు. తాండూరు బడిలో సైన్సు చెబుతాడు.

"బడికి కొత్త గది కట్టాల్నని సార్లమందరం కలిసి నాటకం ఆడుతున్నం. అండ్ల నాది రాణి వేషం. ఆడోళ్ళను మా దిక్కు స్టేజీ ఎక్కనియ్యరు గద. ముందుగాల వారానికోసారి గీసుకునేటోణ్ణి, ఏం కాకపోతుండె. నెల దినాల సంది రిహార్సల్స్ కోసం దినాం గీస్తున్న. గిట్లయింది. రంగు పూస్తే కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయ్."

"మంగలి తోని చేయించి చూసిన్రా?"

"చూసిన. ఆడ గూడ గిదే మంట. మూడు రకాల సబ్బులు కొన్న, మూడూ కిటికీల ఉన్నయ్. ఇంక పన్నెండు దినాలల్ల నాటకం. టిక్కెట్లు గూడ అమ్మిన్రు. నేను వద్దంటే ఇంకో రాణి లేదు. నా ఒక్కని గడ్డం పాడుగాను, బడి గది ఆగిపోయేటట్టున్నది."

నా దగ్గర ఆరు రకాలున్నాయి. ఆరింటి ముక్కలూ వరసగా బల్ల మీద పెట్టాను. ఆయన తన సంచిలోంచి సొంత బ్రష్, రేజర్ తీశాడు. దుకాణం కుండలోని నీళ్ళతో ఒక్కొక్కటే నురగ తీసి, చెవి కింద చిన్న చోట పెట్టి చూశాం. నాలుగో నంబరు స్టిక్ నురగ చూసి ఆయన కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. అద్దం ముందు అక్కడే పొక్కులు లేనంత మేర గీసుకున్నాడు. బ్లేడు పోతున్న చప్పుడు కూడా లేదు.

"గిదే సేటూ! నిండు స్టిక్ కట్టియ్యి."

"ముక్క తీసుకపోయి నాలుగు రోజులు చూడున్రి సార్."

"చూసుడేంది, ఇప్పుడే చూసిన గద!"

అంత సంతోషంగా ఉన్న మనిషిని కాదనలేక నిండు స్టిక్ ఇచ్చాను. నా పద్ధతి నేనే తప్పడం అదే మొదటిసారి. తలుపు అవతల నుంచి మా అన్న తృప్తిగా దగ్గాడు.

నాలుగు రోజులకు, ఊళ్ళో సంత జరిగే అంగడి రోజు, దుకాణం నిండా జనం ఉండగా సారు మళ్ళీ వచ్చాడు. తువ్వాలు మళ్ళీ నెత్తి మీద ముడివేసి ఉంది. గడపలోంచే అరిచాడు.

"సేటూ! చూపించింది ఒకటి, కట్టిచ్చింది ఒకటి! రుచికి తియ్యటి మామిడిపండు కోసిచ్చి గంపల పుల్లటియి పెట్టినట్టు చేస్తివి గదా!"

పౌడరు డబ్బా అందుకోబోతున్న ఒకామె చేయి వెనక్కి తీసుకుంది. మా అన్న తలుపులో వచ్చి నిలబడ్డాడు. రెండేళ్ళుగా కూడబెట్టుకున్న పేరు ఒక్క నిమిషంలో నేల మీద పడినట్టయింది.

"సార్, గా స్టిక్ జర ఇటియ్యున్రి. మీ బ్రష్ గూడ ఇయ్యున్రి" అన్నాను.

అందరి ముందే కుండలో బ్రష్ ముంచి, ఆయన తెచ్చిన స్టిక్ మీద తిప్పాను. నురగ లేచింది. మొన్నటిలాగే తెల్లగా, చిక్కగా, బ్రష్ ఎత్తితే కొస నిలబడింది. సారు దగ్గరికి వచ్చి వేలితో ముట్టుకుని చూశాడు. స్టిక్ అడుగున మొన్న కొన్నప్పుడు ఆయనే గోటితో గీసుకున్న గుర్తు కూడా అట్లాగే ఉంది, అంటే సబ్బు మారలేదు.

"ఇంట్ల గిట్ల రాలేదు సేటూ. ఒట్టు, రాలేదు" అన్నాడు. కోపం పోయి గొంతులో దిగులు వచ్చింది. "నా చెయ్యే మంచిగ లేదేమో. రేపు పోయి వేషం వద్దని చెప్పేస్త."

"రేపు ఎవ్వరికీ ఏం చెప్పకున్రి. రేపు పొద్దున నేనే తాండూరొస్త. మీ ఇంట్లనే చూద్దాం" అన్నాను. నిజానికి నాకూ ఏమీ అర్థం కాలేదు. కానీ జనం ముందు పోయిన మాటను దుకాణంలో కూర్చుని తెచ్చుకోలేనని మాత్రం తెలిసింది.

మర్నాడు దుకాణం మూసి, ఆరు రకాల ముక్కలూ, నా రేజరూ సంచిలో వేసుకుని ప్యాసింజర్ ఎక్కాను. తాండూరులో ఆయన ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. అక్కడి ఇళ్ళన్నిటిలాగే నేల బండలే, గోడ బండలే, పైన కప్పు కూడా బండలే. ఆయన భార్య శాంతమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. కన్నడం కలిసిన మాట ఆమెది. నన్ను చూసి చెంగు సర్దుకుని, "రా అన్నా, రొట్టె తిని పోవాలె" అంది.

సారు బావి నీళ్ళు చేది తెచ్చాడు. నేను చావిట్లో కూర్చుని నాలుగో నంబరుతో మొదలుపెట్టాను. ఎంత తిప్పినా నురగ రాలేదు. విరిగిన పాలలా తరకలు కట్టింది. బ్రష్ వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గిన్నె అంచున తెల్లని జిగురు వలయంలా పట్టింది. మిగతా అయిదూ అంతే. సరే చూద్దామని ఆ తరకలే నా చెంపకు పూసుకుని రేజర్ పెట్టాను. గరగరమని చప్పుడు. చెంప నుంచి చెవి దాకా నిప్పు రాసినట్టయింది.

సారు గోడకానుకుని చూస్తున్నాడు. "ఇప్పుడు అర్థమైందా సేటూ?"

"మంట అర్థమైంది సార్. ఎందుకో అర్థం కాలే."

పొయ్యి దగ్గర నుంచి శాంతమ్మ నవ్వు వినిపించింది.

"గా నీళ్ళతోని సబ్బేం పనిచేస్తదన్నా? పప్పే ఉడకది!"

"పప్పా?" అన్నాను.

"మా బాయి నీళ్ళు పోస్తే కందిపప్పు పొద్దుగూకేదాక ఉడికినా బద్దలు బద్దలుగనే ఉంటది. అందుకే పప్పుకు నేను వాన నీళ్ళు పట్టి పెట్టుకుంట."

మూలనున్న పెద్ద ఇత్తడి గుండిగ మూత తీసి, ఒక చెంబు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. బ్రష్ శుభ్రంగా కడిగి ఆ నీళ్ళలో ముంచి, స్టిక్ మీద నాలుగు తిప్పులు తిప్పాను. నురగ గిన్నె నిండి అంచు దాటి బండల మీద పడింది. నేను కేక పెట్టాను. సారు పరుగున వచ్చి రెండు చేతులతో ఆ నురగ ఎత్తి చూసుకుని, అట్లాగే నుదురు కొట్టుకున్నాడు. నుదుటి నిండా సబ్బు.

"కఠిన జలం! ఏడో తరగతికి ఏటేటా నేనే చెప్త! బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్త!"

అప్పుడే నాకూ చెప్పాడు. తాండూరు కింద ఉన్నదంతా సున్నపు రాయి. దాంట్లోంచి ఊరిన నీటిలో సున్నం కలిసి ఉంటుంది. సబ్బు ఆ సున్నంతో కలిసి తరకలు కడుతుంది కానీ నురగ కట్టదు. మా వికారాబాద్ దుకాణం నీళ్ళలో ఆ సున్నం లేదు. ఊళ్ళో మంగలి దగ్గర కూడా ఎందుకు మండిందో తెలిసిపోయింది. అతను వాడేదీ అదే ఊరి నీరు.

శాంతమ్మ నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. "నెల దినాల సంది పరేషాన్ అయితున్రు. ఒక్కనాడన్న నన్ను అడిగిన్రా?"

"గడ్డం సంగతి నిన్నేం అడుగుతనే?"

"అయ్యో దేవ్రే! నీళ్ళ సంగతి అడగరాదా?"

సారు కిటికీలోని మూడు పాత సబ్బులూ తెచ్చాడు. వాన నీళ్ళతో ఆ మూడూ చక్కగా నురగ ఇచ్చాయి. "సార్, మీకు నా సబ్బుతోని పనే లేకుండె. స్టిక్ వాపసు తీసుకుంట" అన్నాను. ఆయన స్టిక్‌ను గుండెకు హత్తుకుని, "ఇయ్య సేటూ, గిది నా రాణి సబ్బు" అన్నాడు. మూడు రోజులు రేజర్ ముట్టకుండా చెంపలకు కొబ్బరినూనె రాసి ఉంచమని, తరువాత వాన నీళ్ళతోనే గీసుకోమని చెప్పాను. వానలు ఆగి చాలా రోజులైంది, గుండిగలో నీళ్ళు తక్కువే ఉన్నాయి. శాంతమ్మ తొంగిచూసి, "నాటకం అయ్యేదాక ఈ ఇంట్ల పప్పు బంద్" అని తేల్చేసింది. ఆ పూట మాత్రం ఉన్న పప్పుతో నాకు కడుపునిండా రొట్టె పెట్టింది.

నాటకం ఆదివారం మధ్యాహ్నం, బడి ఆవరణలో. ముందు వరసలో కూర్చోవాలని సారు కబురు పంపాడు. మా అన్నను కూడా తీసుకుపోయాను. తెర లేచింది. రాజు మాట్లాడాడు, మంత్రి మాట్లాడాడు. తరువాత ఆకుపచ్చ పట్టుచీరలో రాణి నడిచి వచ్చింది. చెంపలు వెన్నపూసలా ఉన్నాయి. ఒక్క పొక్కు లేదు.

మా అన్న నా చెవి దగ్గరకు వంగి, "ఆడోళ్ళను ఎక్కనియ్యరంట గద? గామె ఎవ్వరింటి బిడ్డరా?" అన్నాడు.

"అన్నా, అంగడి రోజు నా మీద అరిచిన సారు."

మా అన్న నోరు తెరిచి రాణిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ రాణిని చూశాడు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి శాంతమ్మ గొంతు నలుగురికీ వినబడేలా వచ్చింది. "మా ఇంటాయనే! వారం దినాలు పప్పు మానేసినం, ఊకెనే అయిందా?" ఆ వైపంతా ఒకటే నవ్వు. రాణికి కూడా నవ్వు వచ్చి, ఏడవాల్సిన చోట కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని జనం చప్పట్లు కొట్టారు. గది కట్టడానికి కావలసింది ఆ ఒక్క మధ్యాహ్నమే సమకూరిందని తరువాత సారు చెప్పాడు.

ఆ తరువాత శాంపిళ్ళు ఇవ్వడం మానుతానా? మా అన్నే తన దుకాణానికి వచ్చినవాళ్ళను కూడా నా వైపు పంపేవాడు. కానీ శాంపిల్ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా సగమే తెలుసు. సబ్బు నా దుకాణంలో, నా కుండ నీళ్ళతో బాగుంటే అది నా ముఖానికి పనికొస్తుందని మాత్రమే తేలినట్టు. కొన్నవాడి ఊళ్ళో, వాడి నీళ్ళతో ఎట్లా ఉంటుందో వాడింట్లోనే తేలాలి. అప్పటి నుంచి దుకాణంలో ఎంత మంచి నురగ వచ్చినా ఇంటికి తీసుకుపోయి చూడకుండా ఎవరికీ నిండు సబ్బు ఇవ్వలేదు. పరిగి నుంచి, బంట్వారం నుంచి వచ్చేవాళ్ళు కొందరు తమ బావి నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, నా దుకాణం అరుగు మీద వరసగా కూర్చుని నురగలు తీసి చూసుకునేవారు. ఆదివారం పొద్దున ఆ అరుగు చూస్తే తెల్లగడ్డాల సభ జరుగుతున్నట్టుండేది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఆ గడ్డం కోసం ముగ్గురం మగవాళ్ళం, అంటే సారు, మంగలి, నేను తల బద్దలు కొట్టుకున్నాం. జవాబు తెలిసిన మనిషి సారు ఇంట్లో పొయ్యి దగ్గరే ఉంది. అందుకే కొత్తవాళ్ళెవరు గడ్డం సబ్బు అడిగినా నేను ముందు అడిగే ప్రశ్న మారిపోయింది. ఒకసారి కచేరీకి బదిలీ మీద వచ్చిన కుర్ర గుమాస్తా స్టిక్ కావాలన్నాడు.

"మీ ఇంట్ల పప్పు మంచిగ ఉడుకుతదా?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నాకేం తెలుసు?"

"అయితే ఇంటికి పోయి అమ్మను అడిగి రా బాబూ. అప్పుడు సబ్బు ఇస్త."