ప్రోటీన్ డబ్బా కంటే ముందు రక్తపరీక్ష

ఈ రోజు మా ఇంట్లోనే ఒక వాదనలో ఓడిపోయాను. మూడు వారాల క్రితం మోకీలు మార్పిడి చేయించుకున్న నాయనమ్మ కోసం పలాసలో ప్రోటీన్ పొడి డబ్బా కొన్నాను. కండరం బలపడితేనే కొత్త కీలు సరిగా పనిచేస్తుందని, చారన్నంతో పథ్యం చేస్తే ఆ బలం రాదని పది నిమిషాలు ఆధారాలతో సహా ఉపన్యసించాను. ఆమె ఓపికగా విన్నది.

“బాగా సెప్పినావే. మరి నా కిడ్నీల సంగతేటి? రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో సూసినావా?”

“ఆపరేషన్‌కు ముందు చూశారు కదా, నాయనమ్మా!”

“అది కోతకి సూసినారు. నీ డబ్బాకి ఎవులు సూసినారే? మీ తాతని నాలుగేళ్లు డయాలసిస్‌కి తిప్పినాను. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మన ఉద్దానంలో అది సూడకుండా ఏటైనా మింగుతారేటి?”

కళాశాల చర్చా పోటీల వేదికపై ఇంతవరకు ఎవరూ నన్ను ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టలేదు. డబ్బా మూత తీయలేదు. రేపు రక్తపరీక్షకు వెళ్తున్నాం. కండరం గురించి నేను చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోను. డాక్టరు సరేనంటే ఆ పొడిని నేనే పాలలో కలిపి తాగిస్తాను.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి డబ్బాలు కొనిచ్చిన మీలో ఎంతమంది ముందు ఈ ప్రశ్న వేశారో నిజాయితీగా చెప్పండి.