మలుపులో ఎడమకాలు

ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప మరెక్కడా మిగల్లేదు. బళ్ళో పిల్లలకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ, చివరికి వీధి మొదట్లో కూరగాయలమ్మే ఆమెకీ ఆయన ఈల మాస్టారే. మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. బామ్మర్ది పెళ్ళికి కూడా కోటు మీద ఈల వేలాడేసుకుని వెళ్ళారనీ, భోజనాల దగ్గర తోసుకుంటున్న చుట్టాలను ఒక్క ఊదుతో వరసలో నిలబెట్టారనీ ఆయన భార్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

బడి వెనక ఆటస్థలం అనే పేరుతో ఒక ఏటవాలు నేల ఉండేది. బంతి వదిలితే దానంతటదే గోడదాకా దొర్లుకుంటూ పోయేది. అక్కడే మాస్టారు సున్నంతో గీతలు గీశారు. విరిగిన బెంచీల చెక్కలూ పాత నీళ్ళ గొట్టాలూ కలిపి పరుగులో దూకి దాటే హర్డిల్స్ తన చేత్తోనే తయారుచేశారు. కొత్తగా వచ్చిన లెక్కల టీచరు అవి బట్టలారేసుకోవడానికి పెట్టారనుకుని తడి తువ్వాలు ఆరేసి వెళ్ళింది. మాస్టారు కోప్పడలేదు. ఆ తువ్వాలును మడతపెట్టి స్టాఫ్ రూములో ఇచ్చి, హర్డిల్స్ పరుగంటే ఏమిటో ఆవిడకు తీరిగ్గా అరగంటసేపు చెప్పారు. ఆ తర్వాత ఆవిడ ఆయన ఎదురుపడకుండా తిరిగేది.

వయసులో ఆయనకీ పరిగెత్తాలనే ఉండేది. మోకాలు మొరాయించింది. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు కలగలేదు. ఉన్న ఆశంతా సాయంత్రం పూట ఆ ఏటవాలు నేలమీదే తిరుగుతూ ఉండేది.

మిడత ఆయన కంటబడింది బడి వరండాలో. వాడు బడి ఆయా కొడుకు. గంట కొట్టాక తల్లి తరగతి గదులు కడగడానికి బెంచీలన్నీ వరండాలోకి లాగి వరసగా పెట్టేది. వాడు పుస్తకాల సంచీ భుజాన వేసుకునే ఆ బెంచీలను ఒకదాని వెంట ఒకటి దాటుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేవాడు. పక్కనుంచి వెళ్ళొచ్చు కదా అంటే, అలా వెళ్తే ఆలస్యమవుతుందనేవాడు. మిడత అని పేరు పెట్టింది తల్లే. నేలమీద కాలు నిలవని వెధవ అని తిట్టడానికి పెట్టింది. మాస్టారు ఆ పేరునే ముద్దుగా పిలవడం మొదలుపెట్టారు.

వాడికి పరుగు నేర్పాల్సిన పని లేకపోయింది. ఉన్న పరుగుకు కళ్ళెం వేస్తే చాలు. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల బళ్ళలో వాడికి సాటి వచ్చేవాడు లేడు. ఒక్క లోపం మాత్రం ఉండేది. అది మాస్టారు మొదటి నెలలోనే పట్టేశారు.

మిడత ఎప్పుడూ కుడికాలు ముందు వేసి దూకేవాడు. తిన్నని దారిలో ఏ కాలు వేస్తేనేం. కానీ ట్రాక్ మలుపు ఎప్పుడూ ఎడమ చేతివైపే తిరుగుతుంది. కుడికాలు ముందు వెళ్తే ఎడమకాలు వెనకబడి వస్తుంది. అలిసిపోయినవాడి కాలు హర్డిల్ పైనుంచి రాకుండా, లోపలి పక్కగా, చెక్క కంటే కిందనుంచి జారిపోతుంది. అలా జారితే పరుగు చెల్లదు. అదీ నియమం.

మాస్టారు ఊరుకోలేదు. కాలు మార్పించారు. ఎడమకాలు ముందు వెయ్యమన్నారు. అంతే, అప్పటిదాకా గాలిలో తేలిన మిడత ఒక్కసారిగా గుమ్మం దాటలేని పసివాడైపోయాడు. తడబడ్డాడు, పడ్డాడు, గడ్డం చీరుకుంది. తన కంటే నెమ్మదైన పిల్లల వెనక నిలబడి ఏడ్చాడు. జిల్లా పోటీలు దగ్గరికి వచ్చాయి. ఆ ఏడు కప్పు రాకపోతే ఆటల గంటను లెక్కలకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాటకు అన్నమాట కాదు.

ఆ సాయంత్రం మిడత వచ్చి, గడ్డానికి అంటించిన ప్లాస్టర్ తడుముకుంటూ, "మాస్టారూ, ఈ ఒక్కసారికీ నా కాలుతోనే దూకుతానండీ" అన్నాడు.

మాస్టారు వాడి మొహం చూశారు. మనసులో ఎక్కడో గట్టిగా వద్దనే మాట లేచింది. పైకి మాత్రం, "సరేలే. తర్వాత చూద్దాం" అన్నారు.

కప్పు వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని తన గదిలో అద్దాల బీరువాలో పెట్టించాడు. ఆ మరుసటేడు ఇంకా పెద్ద పోటీ. ఆ పై ఏడు మరొకటి. ప్రతిసారీ ఏదో ఒకటి ముంచుకొచ్చేది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మాస్టారుకు తెలియనిది కాదు. కానీ గెలుస్తున్న పిల్లవాణ్ణి ఓడిపోతూ నేర్చుకోమని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత వాడు దూరాన ఉన్న క్రీడా హాస్టల్లో చేరాడు. వాణ్ణి బస్సెక్కించి వస్తూ, ఎడమకాలి సంగతి అక్కడి కోచ్‌కు ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది కదా అనుకున్నారు. ఇన్నేళ్ళూ మీరేం చేశారని ఆయన అడిగితే? ఆ ఆలోచనే మాస్టారు నోరు నొక్కేసింది. అంత పెద్ద కోచ్ చూసుకోడా, చూసుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నారు.

ఆ కోచ్ మాత్రం ఏం చూస్తాడు? గెలిచేవాడి కాళ్ళ వంక ఎవరూ అనుమానంగా చూడరు.

ఏళ్ళు గడిచాయి. మిడత దేశం తరఫున పరిగెత్తేవాడయ్యాడు. సెలవుల్లో వస్తే మాస్టారింటికి వచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని, ఆవిడ పెట్టింది తిని, పరాయి దేశాల హోటళ్ళ దుప్పట్ల గురించి కబుర్లు చెప్పేవాడు. మాస్టారు పరీక్షలు రాసి పోటీల అంపైరయ్యారు. ఇంతలో అంతర్జాతీయ చాంపియన్‌షిప్ ఆ ఊరికే వచ్చింది. స్టేడియానికి రంగులు వేశారు. మాస్టారుకు రెండో మలుపులో, లోపలి గీత దగ్గర నిలబడే పని పడింది. పరుగులో ఎవరైనా నియమం తప్పితే పసుపు జెండా ఎత్తాలి. తర్వాత చూసింది చూసినట్టు చెప్పాలి.

మిడత తన శిష్యుడని ఆయన ముందే చీఫ్ అంపైర్‌కు చెప్పారు, తనను వేరేచోట వెయ్యమనీ అడిగారు. చీఫ్ నవ్వేసి, ఈ ఊళ్ళో మీ ఈలకు పరిగెత్తనివాడు ఎవడున్నాడు, నేనూ పరిగెత్తినవాణ్ణే కదా అన్నాడు. మాస్టారుకు ఇక మొండికెయ్యాలనిపించలేదు. నిజం చెప్పాలంటే, తన పిల్లవాడు తన కళ్ళముందు నుంచే పరిగెత్తుకుపోతాడన్న సంబరం ఆయన్ని వెనక్కి తగ్గనివ్వలేదు. భార్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, ఇవ్వాళైనా ఆ ఈల ఇంట్లో పెట్టి వెళ్ళండి, పొరపాటున ఊదారంటే ప్రపంచమంతా ఆగిపోతుంది అంది.

ఫైనల్ ఎండ వాలాక మొదలైంది. ఇంటి కుర్రాడు పరిగెడుతున్నాడంటే జనం ఊరుకుంటారా, చెవులు చిల్లులు పడేలా అరుపులు. ఎదుటి తిన్నని దారిలో మిడత హాయిగా తేలిపోవడం మాస్టారు దూరం నుంచి చూశారు. రెండో మలుపులోకి వచ్చేసరికి వాడు మూడోవాడు, నాలుగోవాడు వాడి భుజాన్ని రాసుకుంటున్నంత దగ్గర. వాడి మెడ నరాలు తేలాయి. దవడ వేలాడింది. అలసట కాళ్ళలోకి దిగిపోయిందని మాస్టారుకు తెలిసిపోయింది. కుడికాలు లేచింది. ఎడమకాలు, ఎన్నో ఏళ్ళ కిందట సున్నపు గీతల మధ్య ఎలా జారేదో అలాగే, హర్డిల్ పక్కనుంచి, చెక్క కంటే బాగా దిగువగా జారిపోయింది.

ఒక్క ఊపిరి సేపు మాస్టారు కదల్లేదు. మిగతావాళ్ళందరూ కూడా ఆ హర్డిల్ దాటుకుని వెళ్ళిపోయారు. అప్పుడు జెండా ఎత్తారు.

మిడత మూడోవాడిగానే గీత దాటాడు. దేశానికి ఆ పరుగులో అంతకు ముందెన్నడూ పతకం లేదు. ఎవరో జాతీయ జెండా విసిరితే దాన్ని భుజాల మీద కప్పుకుని వాడు జనం దగ్గరికి పరిగెత్తాడు. అదే వేళకు మాస్టారు స్టాండ్ల కింద ఉన్న చిన్న గదిలో, రిఫరీ ముందు నిలబడి ఉన్నారు. చీఫ్ అంపైర్ కూడా అక్కడే ఉన్నాడు. కెమెరాలో ఏమీ తేలలేదు. సరిగ్గా ఆ క్షణాన పక్క లేన్ వాడు అడ్డం వచ్చాడు. ఉన్నది మాస్టారు మాట ఒక్కటే.

చీఫ్ గొంతు తగ్గించి, "మాస్టారూ, బాగా ఆలోచించి చెప్పండి. మీరు కచ్చితంగా చూశారా? అనుమానముంటే అనుమానమనే అనొచ్చు. తప్పేం లేదు" అన్నాడు.

అనుమానం అన్న ఒక్క మాట చాలు. ఎవరూ తప్పు పట్టరు. మాస్టారుకు ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. బయట జనం మిడత పేరు పిలుస్తున్నారు. అటు నాలుగోవాడు ఎవరి కొడుకో, వాడికెవరు నేర్పారో. తువ్వాలులో మొహం దాచుకుని ట్రాక్ పక్కన కూర్చున్నవాణ్ణి ఆయన వస్తూ వస్తూ చూశారు.

"అనుమానం లేదండీ" అన్నారు. "ఆ కాలు నాకు తెలుసు."

పెద్ద బోర్డు మీద మూడో పేరు మారింది. ఆ తర్వాత స్టేడియంలో పుట్టిన చప్పుడును మాస్టారు గోడకానుకుని విన్నారు.

ఊరు ఊరుకుంటుందా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నారు, సొంత శిష్యుడి నోట్లో మట్టికొట్టాడన్నారు. కూరగాయలమ్మే ఆమె కూడా తూకం వేసేటప్పుడు ఆయన మొహం చూడటం మానేసింది. ఆయా ఏమీ అనలేదు. ఎప్పటిలాగే ఆయన గది తుడిచింది, ఎప్పటిలాగే నమస్కారం పెట్టింది. ఆమె ఏదో ఒకటి అని ఉంటే బాగుండునని మాస్టారు భార్యతో చెప్పుకున్నారు. మీరు చేసిందాంట్లో తప్పేముంది అని ఆవిడ వాదించింది. జెండా సంగతి కాదే అని మాత్రం అని ఆయన పక్కకు తిరిగారు.

కొన్ని వారాలు పోయాక ఒక సాయంత్రం మిడత బడి వెనక్కి వచ్చాడు. మాస్టారు హర్డిల్స్ గోడవారకు చేరవేస్తున్నారు. వాడు మాట్లాడకుండా రెండో కొస పట్టుకున్నాడు. అన్నీ సర్దాక, ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ, ఒక్కటే అడగడానికి వచ్చానన్నాడు. నిజంగా చూశారా, లేక చూసినట్టు అనిపించిందా. మీరు చూశానంటే నాకింక వేరే సాక్ష్యం అక్కర్లేదన్నాడు.

"చూశాన్రా" అన్నారు మాస్టారు.

మిడత తలాడించాడు. వాడి మొహం తేలికపడింది. "అయితే సరే. నాకే తెలీలేదు చూడండి. ఇన్నేళ్ళలో ఏ పోటీలోనూ అలా జరగలేదు. నా ఖర్మ, సరిగ్గా ఆ రోజే జారింది" అన్నాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే వాడు ఆయనతో పాటు ఇంటికి వచ్చేవాడు, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునేవాడు. మాస్టారుకు అది తెలుసు. కానీ వాడు దాన్ని ఖర్మ అనుకుంటూ బతకడం ఆయనకు గిట్టలేదు. చెప్పేశారు. ఇలాంటిది ఏదో ఒకనాడు జరుగుతుందని తనకు మొదటి నెలలోనే తెలుసనీ, కాలు మార్పించబోయి కప్పు కోసం వదిలేశాననీ, హాస్టల్ కోచ్‌కు కూడా పరువు కోసం చెప్పలేదనీ ఏదీ దాచకుండా చెప్పారు.

మిడత గోడవారన ఒరిగిన హర్డిల్ ఒకదాన్ని సరిగ్గా నిలబెట్టాడు.

"మీరు జెండా ఎత్తినందుకు నాకు కోపం లేదు మాస్టారూ" అన్నాడు. "అదేదో అప్పుడే ఎత్తాల్సింది. నేను ఏడిచినా సరే."

"నిజమేరా."

"చిన్నపిల్లాణ్ణి. నాకేం తెలుస్తుంది? మీకు తెలుసు కదా."

వాడు వెళ్ళొస్తానని కూడా అనకుండా గేటు వైపు నడిచాడు. గట్టిగా నడవలేదు, విసురుగా నడవలేదు. మామూలుగానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మిడత కాలు మార్చుకోవడానికి ప్రయత్నించాడని ఆయా ద్వారా తెలిసింది. రెండేళ్ళు కష్టపడ్డాడట. వేగం తగ్గింది, మడమ దెబ్బతింది. మరుసటి చాంపియన్‌షిప్‌కు వాణ్ణి ఎంపిక చెయ్యలేదు. ఓడరేవు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. పెళ్ళి చేసుకున్నాడు. శుభలేఖ వచ్చింది, పోస్టులో. మాస్టారు దంపతులు వెళ్ళారు. మిడత మర్యాదగా ఎదురొచ్చి కూర్చోబెట్టాడు, తన భార్యకు పరిచయం చేశాడు. మా బళ్ళో డ్రిల్లు మాస్టారు అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. కానీ తిరుగుదారిలో మాస్టారు భార్య కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు మిగిలిన ఉద్యోగమంతా పిల్లలకు ముందు ఎడమకాలే నేర్పారు. ఏడ్చినా, పడినా, ఇంట్లోవాళ్ళు వచ్చి పోట్లాడినా ఊరుకోలేదు. కప్పులు తగ్గాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని హెడ్మాస్టరు స్టాఫ్ రూములో అంటే, మాస్టారు అవునండీ అని ఒప్పుకుని బయటికి నడిచారు. ఆ పిల్లల్లో చాలామంది మలుపుల్లో చక్కగా పరిగెత్తేవాళ్ళు. మిడతలా ఎగిరేవాడు మాత్రం మళ్ళీ రాలేదు.

రిటైరయ్యాక ఒకరోజు మాస్టారు కళ్ళాసుపత్రికి వెళ్తుంటే సిటీ బస్సులో మిడత కనిపించాడు. ఒళ్ళు చేశాడు. లేచి తన సీటిచ్చాడు. ఆయన వద్దంటున్నా కూర్చోబెట్టి, పైన కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అమ్మ కులాసానా అని మాస్టారు అడిగారు. కులాసానేనండీ, మోకాళ్ళ నొప్పులు అన్నాడు. పిల్లలెంతమంది అని అడిగారు. ఒక్కతే కూతురండీ అన్నాడు. పరిగెడుతుందా అని అడగబోయి మాస్టారు ఆగిపోయారు. బస్సు రెండు మూడు చోట్ల ఆగి బయల్దేరింది.

"కళ్ళు ఎలా ఉన్నాయండీ?" అన్నాడు మిడత.

"దూరంవి బాగానే కనిపిస్తున్నాయిరా. దగ్గరవే తెలియడంలేదు."

వాడు చిన్నగా నవ్వాడు. వచ్చే స్టాపులో దిగుతానన్నాడు, జాగ్రత్తగా వెళ్ళండన్నాడు. జనాన్ని తప్పించుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి దిగిపోయాడు. బస్సు కదిలాక మాస్టారు కిటికీలోంచి వెనక్కి చూశారు. వాడి ఆఫీసున్న ఓడరేవుకు ఇంకా చాలా దూరం ఉంది. మిడత అక్కడే స్టాపులో నిలబడి, తరవాతి బస్సు వచ్చే వైపు చూస్తున్నాడు.