వినే చోట ఉన్న గాడి

నమ్మకపోతే మానండి... నవ్వకండి మాత్రం. నవ్వుతారన్న భయంతోనే ఆ రాత్రి అంత పని చేశాను.

నేను నెక్కొండ రూటు బస్సులో కండక్టర్ని. కుడి చెవిలో ఒకటే హోరు. మెదడు స్కానింగ్ చేయించమన్నాడు డాక్టరు. డ్యూటీ దిగి హన్మకొండ సెంటరుకు వెళ్లేసరికి చీకటి పడింది. నా తర్వాత ఇద్దరే ఉన్నారు... ఒక తల్లి, ఆమె కూతురు రమ్య. జ్వరం వచ్చి ఆ అమ్మాయికి రెండు చెవులూ పూర్తిగా పోయాయట. మన పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది.

నన్ను గొట్టంలోకి తోశారు. చెవుల్లో బిరడాలు. డగ్ డగ్ డగ్... ఆగింది.

అప్పుడు... ఏడుపు.

పసిబిడ్డది. నా తల వెనక నుంచి. రెండు వెక్కిళ్లు... సన్నటి మూలుగు... మళ్లీ రెండు వెక్కిళ్లు. మోత మొదలైంది. ఆగింది. ఏడుపు ఇంకా దగ్గరకొచ్చింది. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలినట్టు...

కేక పెట్టాను. మైకులో విని టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చాడు.

"లోపట పసిపిల్ల ఏడుస్తాంది తమ్మీ!"

పకపకా నవ్వాడు. "మిషిన్ సప్పుడక్కా. బస్సుల టికెట్లు కొట్టేటోళ్లు గింత బుగులు వడితె ఎట్ల?"

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్లు గట్టిగా మూసుకుని మిగతాది కానిచ్చాను. తలుపు మందం... నా కేక బయట కూర్చున్న ఆ తల్లికి వినబడనే లేదు.

తర్వాత రమ్య వెళ్లింది. బయటికొచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, లోపట ఎవల పిల్ల ఏడుస్తాంది? రెండుసార్లు వెక్కుతాంది... ఆగుతాంది..."

తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు గూడ లోపటికి పోయినవ్ గద. నీకు ఇనవడ్డదా? నా బిడ్డకు చెవులొచ్చినయా... మతి చెడ్డదా? జర చెప్పు."

టెక్నీషియన్ నావైపే చూస్తున్నాడు. పెదవుల మీద అదే నవ్వు.

"నాకేం ఇనవళ్లే," అన్నాను.

రమ్య నా పెదవులనే చూసింది. మెల్లగా తల దించుకుంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆమెను పట్టుకుని మెట్లు దిగింది.

మర్నాడు డాక్టరు ఫిల్ము వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"ఇగో, శబ్దం చేరే మడత ఇదేనమ్మా. చెవి పైన, జర లోతుల ఉంటది. శానమందికి పుట్టగొడుగు తీరు కనవడ్తది. నీకు నడుమ గాడి వడి, గుండె బొమ్మ లెక్క అయింది. ఇట్ల గూడ మస్తుమందికి ఉంటది. జబ్బేం కాదు, ఫికర్ చెయ్యకు."

"ఆ గాడి ఉంటె... లేని సప్పుళ్లు ఇనవడ్తయా సారూ?"

"గాడికి, దానికి సంబంధం లేదు. బుగులు వడితె ఒక్కోసారి అట్ల అనిపిస్తది."

"ఇద్దరికి ఒక్కతీర్గనే అనిపిస్తదా?"

ఆయన ఫిల్ము దించాడు. "ఇద్దరా? ఇంకెవలమ్మా?"

చెప్పాలి... నోటిదాకా వచ్చింది. బాగా చదువుకున్నాయన... నవ్వితే?

"ఎవల్లేరు సారూ," అని లేచి వచ్చేశాను.

అది యంత్రమో, భయమో, ఇంకేదైనానో... ఇప్పటికీ నాకు తెలియదు. ఆ అమ్మాయి మాత్రం తనకు మతి చెడిందనే అనుకుంటూ ఉంటుంది.