దుబాయి గడియారం, మన గడియారం

2017 జూన్‌లో మర్రిగూడ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు సాంఘికశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా బదిలీ అయ్యాను. ఎనిమిది నుంచి పది దాకా తరగతులు నావి. రేఖాంశాల పాఠంలో డిగ్రీకి నాలుగు నిమిషాలనీ, తూర్పుకు పోతే కలపాలనీ, పడమరకు పోతే తీసివేయాలనీ నేర్పేదాన్ని. తప్పితే పదిసార్లు రాయించేదాన్ని.

మరుసటి ఫిబ్రవరిలో పదో తరగతి సుజాత వాళ్ల అక్క పెళ్లి. తండ్రి నర్సింహ దుబాయిలో సెంట్రింగు మేస్త్రి. సరిగ్గా పెళ్లినాటి పొద్దున దిగేలా టికెట్టు దొరికింది. ముందురోజు సాయంత్రం సుజాత, వాళ్ల చిన్నాయన యాదయ్య మా ఇంటికి వచ్చారు.

"అన్న అందుకుంటడా లేదా, జర మీరే చెప్పుండ్రి టీచరమ్మా. అందుకోకుంటే కన్యాదానానికి నేను, మా ఆమె కూసోవాలె. కూసునేటోళ్లు ఒక్కపొద్దుండాలె. నాకేమో చాయ్ తాగంది కండ్లు తెరుసుకోవు" అన్నాడు యాదయ్య.

సుజాత నవ్వలేదు. "బాపు రాకుంటే పీటల మీద కూసోనంటాంది అక్క. పొద్దటి సంది అన్నం ముట్టలే మేడం."

నోటు పుస్తకం తెరిచింది. టికెట్టు మీద బయలుదేరేది 3.40, చేరేది 8.40. దుబాయి మనకంటే గంటన్నర వెనుక కాబట్టి 8.40కి గంటన్నర కలిపి 10.10 అని వేసింది. సామాను తీసుకుని బయటికి రావడానికి గంట, శంషాబాదు నుంచి ఊరికి గంటన్నర. మొత్తం 12.40. కన్యాదానం 11.42కు.

"తూర్పుకు పోతే కలపాలెనని మీరే చెప్పిండ్రు గద" అంది.

టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. 8.40 అప్పటికే హైదరాబాదు సమయం. సరిచూడటానికి పటం తీసి స్కేలుతో కొలిచాను. ఆకాశమార్గం సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు. సుజాత లెక్కన ప్రయాణం ఐదు గంటలు, అంటే గంటకు ఐదు వందలు. పెద్ద విమానానికి అది మరీ తక్కువ. గంటన్నర తీసేస్తే మూడున్నర గంటలు, గంటకు ఏడు వందలు దాటుతుంది. అదే సరైనది. నర్సింహ 11.10కి ఇల్లు చేరాలి. ముప్పై రెండు నిమిషాలు మిగులు.

"అయితే నేను చాయ్ తాగొచ్చు" అన్నాడు యాదయ్య. రోడ్డుకు నేను హామీ ఇవ్వలేనని, ఒక్కపొద్దు ఉండమనే చెప్పాను.

"గిదేం లెక్క టీచరమ్మా, అన్న వచ్చినా నాకు చాయ్ లేదు, రాకున్నా లేదు" అని గొణుక్కుంటూ పోయాడు. సుజాత మాత్రం అక్కకు అన్నం పెట్టడానికి పరుగెత్తింది.

మర్నాడు నర్సింహ 11.31కి ఇంటి ముందు దిగాడు. ప్యాంటు మీదే పంచె చుట్టుకుని, సరిగ్గా సమయానికి అల్లుడి కాళ్లు కడిగాడు.

పొరపాటు సుజాతది కాదు. కలపడం నేర్పాను గాని, ఎవరో ముందే కలిపిపెట్టిన అంకెను ఎలా గుర్తుపట్టాలో నేర్పలేదు. ఏ నియమం చెప్పినా, దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా అదే రోజు చెప్పాలి. తర్వాతి వారం ఆ టికెట్టు నకలు తరగతికి తీసుకెళ్లాను. 2020లో రిటైరయ్యేదాకా ఆ పాఠంలో నా మొదటి ప్రశ్న ఒకటే: ఈ సమయం ఏ ఊరి గడియారానిది?