అడ్డగీత

గాజుపోగుల్ని గుడ్డగా అల్లే యంత్రం మీద ఆమె చెయ్యి పడితే ఒక్క ఉచ్చూ జారదని షెడ్డులో పేరు. అందుకే అందరికీ ఆమె అల్లికలక్క. ఆ గుడ్డను రెజిన్ జిగురులో తడిపి, గట్టిపడ్డాక పట్టీలుగా కోసి, తెగేదాకా లాగి చూసే పని ఆమె తమ్ముడిది. వాడికి ఆ ఉద్యోగం కాళ్ళావేళ్ళా పడి ఇప్పించింది ఆమే.

కొత్త ఆర్డరు కోసం లాగిన పట్టీలన్నీ చెప్పిన బలానికి ఆగక, ముందే తెగిపోయాయి. ఇక అల్లిక విభాగం మూసేసి, నేసిన గుడ్డే బయట కొంటామన్నాడు మేనేజరు.

ఆమెకు నమ్మకం కుదరలేదు. చెత్తడబ్బాలోంచి తెగిన పట్టీ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఉచ్చుల వరసలు పట్టీ పొడవునా పడుకుని ఉన్నాయి. అల్లిన గుడ్డ బలమంతా ఉచ్చులు ఒకదాని కిందొకటి వేలాడే నిలువులోనే ఉంటుంది. అడ్డంగా లాగితే అవి విచ్చుకుని తొందరగా తెగుతాయి. ఆర్డరులో అడిగింది నిలువు బలమే. వరస వంకర పోలేదని చూపడానికి అల్లికవాళ్ళు గుడ్డ మీద అడ్డంగా సుద్దగీత గీస్తారు. పరీక్షగదిలో గీతంటే లాగవలసిన దిక్కు.

"ఒరేయ్, నా గీత వెంబడే కోశావా?"

తమ్ముడు పరీక్షగది తలుపు దగ్గరగా వేశాడు. "నాకూ నిన్ననే తెలిసిందక్కా."

"తెలిసీ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావా?"

"రిపోర్టు మీద సంతకం నాది. తప్పని ఒప్పుకుంటే గేటు బయటికి గెంటుతారు. నీకేం, ఎక్కడైనా అల్లుకుంటావు."

"అవునురా, గాజుపోగులతో స్వెట్టరు అల్లుతాను. నువ్వు తొడుక్కుందువుగాని."

వాడు నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండింది. అయినా మేనేజరు ముందు నిలబడ్డాక నోటివెంట వాడి పేరు రాలేదు. "గీత నేనే తప్పు దిక్కున గీశాను సార్. మళ్ళీ లాగించండి."

నిలువుగా కోసి మళ్ళీ లాగారు. పట్టీలు ఆగాయి. ఆర్డరూ దక్కింది, అల్లిక విభాగమూ దక్కింది. గీత గీయడం రాని మనిషికి మాత్రం యంత్రం అప్పగించలేనన్నాడు మేనేజరు. ఆమెను ప్యాకింగ్‌కు మార్చి, ఆమె దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయిని యంత్రం దగ్గర నిలబెట్టాడు.

సాయంత్రం తన కత్తెర కోసం ఆమె షెడ్డులోకి వచ్చేసరికి తమ్ముడు ఆ అమ్మాయికి సుద్ద అందిస్తున్నాడు.

"నిలువుగా గియ్యమ్మా తల్లీ. మా అక్కలా అడ్డంగా గీశావంటే నా కొంప మునుగుతుంది."

అమ్మాయి కిసుక్కున నవ్వి, ఆమెను చూసి చప్పున నోరు మూసుకుంది. వాడు మూసుకోలేదు. "నిజమే కదక్కా?"

"నిజమేరా," అంది ఆమె, కత్తెర అందుకుంటూ. "నేనే కదా చెప్పింది."